పుత్తూరు కట్టు, బోర్డు మీది పేరు

మా వైపు ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే, పలకరించడానికి వచ్చినవాళ్లు ముందు అడిగే మాట ఒకటే. "పుత్తూరుకు పోయినారా?" అంటారు. ఏ ఆసుపత్రికి పోయినారు, ఎక్స్‌రే తీసినారా, ఈ ప్రశ్నలన్నీ తర్వాత. 2022లో మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది. మా నోటికి మాత్రం ఇంకా అనంతపురం జిల్లానే. అట్లాగే ఊరికో ఎముకల డాక్టరు వచ్చినా మా నోటికి విరిగిన ఎముక అంటే పుత్తూరే.

పుత్తూరు మాకు దగ్గరేం కాదు. కొత్తచెరువు నుంచి కదిరి, మదనపల్లె, తిరుపతి దాటి, చెన్నై దారిలో ఇంకా ముందుకు పోవాలి. ఆ ఊరి పక్కన ఈశ్వరాపురంలో ఒక రాజుల కుటుంబం తరతరాలుగా ఎముకలకు కట్లు కడుతోంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, నూలుగుడ్డ, వెదురు బద్దలు. ఇంతే సామాను. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ఆ పేరు ఎంత పెద్దదయిందంటే ఇప్పుడు బెంగళూరులో, హైదరాబాదులో, మన చిన్న టౌన్లలో కూడా గోడల మీద "పుత్తూరు కట్టు" అని రాసి ఉంటుంది. ఆ రాసుకున్నవాళ్లలో ఆ కుటుంబం దగ్గర పని నేర్చుకున్నది ఎవరు, పేరు మాత్రం తెచ్చుకున్నది ఎవరు? గోడ చూస్తే తెలియదు. అడిగి తెలుసుకునే ఆఫీసూ లేదు. ఈరోజు నేను రాయాలనుకున్నది ఈ సంగతే.

ముందే ఒక మాట. నేను డాక్టర్నీ కాను, వకీలునూ కాను. తెలుగు బి.ఏ. చదివి, ఇల్లు చూసుకుంటున్నదాన్ని. నాటు వైద్యం మీద నాకు చిన్నచూపు లేదు. ఉంటే మా అత్త ముందు నిలబడలేను.

మా అత్తకు ముప్పై ఏళ్ల కిందట కుడి మణికట్టు విరిగింది. శెనక్కాయ మూటలు బండికి ఎత్తేటప్పుడు జారి పడింది. అప్పట్లో మా మామ ఆమెను బస్సుల్లో పుత్తూరుకు తీసుకుపోయినాడు. కట్టినాయన చెయ్యి పట్టుకుని చూసి, మాటల్లో పెట్టి, ఆమె ఏదో జవాబు చెప్తూ ఉండగానే సర్దేసి కట్టు కట్టినాడంట. మూడుసార్లు పోయి వచ్చినారు. ఇప్పటికీ ఆ చేత్తోనే చేట పట్టి చెరుగుతుంది. "ఆ మహానుభావుడు నా చెయ్యి నాకిచ్చినాడు" అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం చూస్తే ఎదురు చెప్పాలని అనిపించదు. ఆపరేషన్ అంటే భయం, దాని ఖర్చంటే ఇంకా భయం. వానలేని సీమలో రెండు పంటలు పోయిన ఇంటికి చేతిలో ఉన్న నాలుగు రూపాయలతో అయ్యే వైద్యం కావాలి. మన భాషలో మాట్లాడి, తాకి చూసి, "ఏం కాదులేమ్మా" అనే మనిషి కావాలి. జనం ఊరికే పోరు.

ఇంక రెండో కథ. మా ఆడబిడ్డ కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. వేసవి సెలవుల్లో చింతచెట్టు ఎక్కి పడినాడు. ఎడమ మోచెయ్యి వాచిపోయింది. పుత్తూరు దాకా పోలేక, దగ్గరి టౌన్లో పుత్తూరు కట్టు అని రాసుకున్న ఒకాయన దగ్గరికి తీసుకుపోయినారు. ఆయన మోచెయ్యి బాగా నలిపి, లాగి, బిగించి కట్టినాడు. సాయంత్రానికి పిల్లోడు ఏడుపు మొదలుపెట్టినాడు. ఫోన్ చేస్తే "కట్టు పట్టుకుంటోంది, ఓర్చుకోవాల" అన్నాడాయన. రాత్రి తొమ్మిదికి వేళ్లు చల్లబడి, రంగు తిరిగినాయి. మా ఆడబిడ్డ వాడి వేలు పట్టుకుని మెల్లగా చాపితే వాడు ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచినాడు. ఆ అరుపు విని ఇంక ఎవరినీ అడగకుండా, కత్తెర తీసుకుని ఆమే కట్టు కోసేసింది. రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తినారు. చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాపలేడు.

అది ఎందుకు జరిగిందో అక్కడి డాక్టరు మాకు కాగితం మీద గీసి చెప్పింది. మోచేతికి కాస్త పైన ఎముక విరిగినప్పుడు దాని ముందే చేతికి రక్తం తెచ్చే పెద్ద నాళం ఉంటుంది. విరిగిన చోట మొదటి ఒకటి రెండు రోజులు వాపు పెరుగుతుంది. కట్టు బిగుతుగా ఉంటే ఆ వాపుకు బయటికి పోయే దారి లేదు. లోపలే ఒత్తిడి పెరిగి, కండరానికి రక్తం అందదు. గంటలు గడిచేకొద్దీ కండరం చచ్చిపోయి, గట్టిపడి, వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుపోతాయి. రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ అనే జర్మన్ డాక్టరు 1881లోనే బిగుతు కట్ల వల్ల ఇట్లా అవుతుందని రాసినాడు. ఆ వంకరకు ఇప్పటికీ ఆయన పేరే పిలుస్తారు. ఆసుపత్రిలో వేసే సిమెంటు కట్టుతో కూడా ఈ ప్రమాదం ఉందని ఆ డాక్టరమ్మే చెప్పింది. తేడా ఎక్కడుందంటే, అక్కడ వేళ్లు కదిలించి చూడమని చెప్పి పంపుతారు, అర్ధరాత్రి తలుపు కొడితే తీసేవాళ్లు ఉంటారు, ఎవరు కట్టినారో కాగితం మీద ఉంటుంది.

మా పిల్లోడి విషయంలో కాగితమే లేదు. వారం తర్వాత మా ఆడబిడ్డ మొగుడు ఆ కట్టు కట్టినాయన దగ్గరికి పోతే గది తాళం వేసి ఉంది. ఆయన ఏ ఊరివాడో, అసలు పేరేమో బాడుగకిచ్చిన ఇంటాయనకు కూడా సరిగా తెలియదు. పోలీసు స్టేషనుకు పోదామంటే "మీరే కదా పోయి కట్టించుకున్నారు" అని ఊళ్లోవాళ్లే అన్నారు. ఆయన ఇంకో ఊళ్లో ఇంకో గోడ మీద అదే పేరు రాసుకుని ఉంటాడు. అప్పటినుంచీ నాకు ఒక మాట బాగా అర్థమైంది. చేతి విద్య ఒకటి, జవాబు చెప్పే బాధ్యత ఇంకొకటి. మా అత్త చెయ్యి బాగు చేసినాయనకు రెండూ ఉన్నాయి. ఆయన ఊరు, ఇల్లు, వంశం అందరికీ తెలుసు. ఆ పేరే ఆయనకు పూచీ. పేరు ఊరు దాటి గోడలెక్కినప్పుడు విద్య కొంతయినా వెంట వచ్చిందేమో గానీ పూచీ మాత్రం రాలేదు.

పోయిన సంవత్సరం మా ఇంట్లోనే మళ్లీ ఎముకల మాట వచ్చింది. మా అత్తకిప్పుడు డెబ్బై రెండు. నీళ్ల బిందె ఎత్తబోయి నడుము పట్టేసింది. నాలుగు రోజులు పడుకున్నా తగ్గలేదు. అంతకు కొన్ని నెలల ముందు దగ్గర్లో ఒక కొత్త బోర్డు లేచింది. మనిషి పేరుకు ముందు "డా.", దాని కింద "ఆస్టియోపతి, కైరోప్రాక్టిక్, నడుము, మెడ, నరాల స్పెషలిస్టు". మా ఆయన ఫోన్లో ఆయన వీడియోలు చూపించినాడు. మెడ పట్టుకుని తిప్పుతాడు, టక్‌మంటుంది, మనిషి లేచి నవ్వుతూ నడిచిపోతాడు.

"చూడు, ఒక్క నిమిషంలో లేచిపోతాండారు. అమ్మను తీసుకుపోదాం పా" అన్నాడు.

అత్త కూడా సిద్ధమే. "అది కూడా పుత్తూరు మాదిరే కదా, కట్టు లేకుండా" అనింది.

తెలుగు చదివినదాన్ని, కొత్త పదం కనబడితే దాని పుట్టుక వెతకడం అలవాటు. ఆస్టియో అంటే గ్రీకులో ఎముక. పతి అన్నది బాధ, జబ్బు అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది, మన హోమియోపతిలో ఉన్నదే. మాట అర్థమైంది గానీ మనిషి ఎవరో అర్థం కాలేదు. అది చెప్పడానికి అనుకోకుండా ఒకామె దొరికింది.

మా ఆడబిడ్డవాళ్లు పుట్టపర్తిలో పై అంతస్తు బాడుగకిస్తారు. అక్కడికి ప్రతి చలికాలం ఇంగ్లండు నుంచి ఒక పెద్దామె వచ్చి రెండు నెలలు ఉంటుంది. ఆమె అక్కడ ముప్పై ఏళ్లు ఆస్టియోపతి చేసి రిటైరు కాబోతోందని మా ఆడబిడ్డే చెప్పింది. నా బి.ఏ. ఇంగ్లీషుతో, మధ్యమధ్యలో మా మేనల్లుడి సాయంతో ఆమెతో ఒక మధ్యాహ్నమంతా మాట్లాడినాను. ఆమె చెప్పినవి, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి కలిపి రాస్తున్నాను.

ఈ విద్యను మొదలుపెట్టింది అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన. 1874లో ఈ పద్ధతిని ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో మొదటి బడి పెట్టినాడు. శరీరాన్ని చేతులతో సరిచేస్తే చాలా జబ్బులు తగ్గుతాయని ఆయన నమ్మకం. తర్వాత ఆ చెట్టు రెండు కొమ్మలయింది. అమెరికాలో ఆ బడులు మెల్లమెల్లగా పూర్తి వైద్య కళాశాలలయినాయి. అక్కడ డి.ఓ. అని పేరు వెనక ఉంటే ఆయన మామూలు డాక్టరుతో సమానం. మందులు రాస్తాడు, ఆపరేషన్లు చేస్తాడు. మన తెలుగు పిల్లలు కూడా అక్కడ ఎంతోమంది ఆ చదువు చదువుతున్నారు. బ్రిటన్‌లో అట్లా కాదు. అక్కడ ఆస్టియోపాత్ అంటే డాక్టరు కాదు. నడుము, మెడ, కీళ్ల నొప్పులకు చేతులతో వైద్యం చేసే మనిషి.

కాబట్టి ఒకే పేరు ఒక దేశంలో పూర్తి డాక్టరు, ఇంకో దేశంలో డాక్టరు కాని వైద్యుడు. మరి మన దేశంలో ఏమిటి? ఈ ప్రశ్నే ఆమెను అడిగినాను. ఆమె నవ్వి, "అది నువ్వే చెప్పాలి" అని తన ఫోను తీసింది.

బ్రిటన్‌లో 1935లో ఆస్టియోపాత్‌లను నమోదు చేసే బిల్లు పార్లమెంటుకు వచ్చిందంట. విచారణలో నిలబడలేక వెనక్కి పోయింది. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు అక్కడ ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఇప్పుడు మన దగ్గర ఉన్నట్టే. 1993లో ఆస్టియోపాత్‌ల చట్టం వచ్చింది. జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ అని ఒక సంస్థ పెట్టి, దానికి ఒక రిజిస్టరు ఇచ్చినారు. 2000 నుంచి ఆ రిజిస్టరులో పేరు లేనివాడు తనను ఆస్టియోపాత్ అని పిలుచుకుంటే అది నేరం. రిజిస్టరులో ఉండాలంటే గుర్తింపు ఉన్న చదువు చదవాలి, ఏటేటా రుసుము కట్టి పేరు కొనసాగించుకోవాలి, కొత్త సంగతులు నేర్చుకుంటూ ఉన్నట్టు చూపాలి, రోగికి నష్టం జరిగితే పరిహారం ఇచ్చేందుకు ఇన్సూరెన్సు ఉండాలి. ఫిర్యాదు వస్తే విచారణ జరుగుతుంది. తప్పు తేలితే పేరు కొట్టేస్తారు.

ఆమె ఫోన్లో తన పేరు కొట్టి చూపించింది. పేరు, నమోదు సంఖ్య, పనిచేసే చోటు, అన్నీ ఎవరైనా చూసుకోవచ్చు. అప్పుడామె అన్న మాట నేను ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. "నేను గొప్పదాన్నని ఈ రిజిస్టరు చెప్పదు. నా వల్ల నీకు చెడు జరిగితే ఏ తలుపు తట్టాలో చెబుతుంది."

అంతా విని, ఆశగా, "మా అత్త నడుము ఒకసారి చూస్తారా?" అని అడిగినాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ నా పేరు ఏ జాబితాలోనూ లేదు. నేను ముట్టుకోకూడదు. పైగా ఈ వయసులో బరువు ఎత్తగానే వచ్చిన నొప్పంటే, ముందు ఎక్స్‌రే తీయించు" అనింది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నామె ముట్టుకోనంటోంది. బోర్డు పెట్టినాయన రమ్మంటున్నాడు. ఇంటికి వచ్చే దారంతా నాకు ఇదే ఆలోచన.

మన దేశంలో సంగతేమిటో తర్వాత కూర్చుని చదివినాను. వైద్యం చేయాలంటే రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులోనో, జాతీయ రిజిస్టరులోనో పేరుండాలని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతుంది. లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తరతరాలుగా చేస్తున్నామన్నవాళ్ల సంగతి కూడా సుప్రీంకోర్టు ముందుకు పోయింది. కేరళ పారంపర్య వైద్యుల కేసులో 2018 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. గుర్తింపు ఉన్న చదువు, నమోదు లేకుండా వంశపారంపర్యం ఒక్కటే చూపించి వైద్యం చేసే హక్కు లేదని కోర్టు చెప్పింది. 2021లో ఇంకో చట్టం వచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్, రాష్ట్రాలలో కౌన్సిళ్లు, రిజిస్టర్లు పెట్టాలని. దానిలో పది వర్గాల కింద చాలా వృత్తులు రాసినారు. ఫిజియోథెరపీకి ఒక వర్గమే ఉంది. ఆస్టియోపతికి వేరే వర్గం లేదు. కట్టు కట్టేవాళ్లకైతే ఏ వర్గంలోనూ చోటు లేదు.

ఉన్నవాళ్ల మధ్య కూడా పేర్ల గొడవ తీరలేదు. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని రాసుకోకూడదని 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేటు ఒక లేఖ రాసింది. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. చదువుకుని, పరీక్షలు రాసి వచ్చినవాళ్ల పేరు ముందు ఏముండాలో ఇంకా తేలలేదు. మా వీధి బోర్డు మీది "డా." మాత్రం రంగు చెదరకుండా ఉంది.

మన పల్లెల్లో ఆర్.ఎం.పి. డాక్టరు అంటాం కదా. ఆ మూడక్షరాలకు అర్థం నమోదైన వైద్యుడని. ఆ పేరుతో పిలవబడేవాళ్లలో ఎక్కువమంది పేరు ఏ వైద్య మండలి రిజిస్టరులోనూ ఉండదు. నమోదు కానివాణ్ణి నమోదైనవాడని పిలిచే విచిత్రం మన వాడుక భాషలోనే ఉంది. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో వీళ్లకు శిక్షణ ఇచ్చి, కమ్యూనిటీ పారామెడిక్‌లని పేరు పెట్టి, ఏం చేయొచ్చో ఏం చేయకూడదో గీత గీయాలని ప్రయత్నం జరిగింది. ఆ ప్రయత్నం వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది. ఉన్న మనిషిని లేనట్టు నటించడం కంటే పేరు రాసుకుని గీత గీయడం మేలు.

సరే, మా ఇంటి సంగతి. మా ఆయన పట్టు విడవలేదు. "ఒకసారి పోయి మాట్లాడితే ఏం పోతుంది?" అన్నాడు. పోయినాం. అత్తను ఇంట్లోనే ఉంచి మేమిద్దరమే పోయినాం. ఆయన మంచిగానే మాట్లాడినాడు, మంచినీళ్లిచ్చినాడు. మోసగాడు అనిపించలేదు నాకు. తను చేసేది మంచి పనేనని నమ్మినట్టే కనబడినాడు. నేను మూడు ప్రశ్నలు రాసుకుని పోయినాను.

"మీ రిజిస్ట్రేషన్ నంబరు ఏ కౌన్సిల్‌దండీ?"

గోడ మీది ఫ్రేము చూపించినాడు. బంగారు రంగు ముద్ర, ఇంగ్లీషు అక్షరాలు, ఏదో ఇన్‌స్టిట్యూటు పేరు. "మాకు కౌన్సిల్ ఉండదమ్మా. ఇది ఇంటర్నేషనల్" అన్నాడు.

"మా అత్తకు ముందు ఎక్స్‌రే తీయించమంటారా?"

"అవసరం లేదు. చెయ్యి పెడితే నాకే తెలుస్తుంది."

"ఏదైనా తేడా వస్తే?"

"పాజిటివ్‌గా ఆలోచించాలమ్మా" అన్నాడు.

బయటికి వచ్చినాక మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బండి తీస్తూ, "ఎక్స్‌రే తీయిద్దాంలే" అన్నాడు.

తీయించినాం. నడుములో ఒక పూస ముందు భాగం కుంగిపోయి ఉంది. ఎముకలు పలుచబడినాయని, బిందె బరువుకే పూస నలిగిందని డాక్టరు చెప్పినాడు. చెప్పి, మొదట అడిగిన మాట, "దీన్ని ఎవరిదగ్గరా గట్టిగా తిప్పించలేదు కదా?" అని. లేదన్నాక ఆయన ముఖం తేలికపడింది. పలుచబడిన ఎముకను విసురుగా తిప్పితే ఇంకో పూస పోవచ్చు, వెన్నులో నరాలకు దెబ్బ తగలొచ్చు. కొన్నాళ్లు విశ్రాంతి, నడుముకు పట్టీ, కాల్షియం, విటమిన్ డి, ఎముక గట్టిపడే మందు, తర్వాత ఫిజియోథెరపీ. మూడు నెలలకు అత్త మళ్లీ వాకిట్లో ముగ్గు వేసింది. "పుత్తూరాయనైతే ఇన్ని మాత్రలు లేకుండానే బాగు చేసుండు" అని ఇప్పటికీ అంటుంది. అననీ.

కట్టు కట్టేవాళ్లందరినీ మూసేయాలని నేను అనను. మూసేస్తే వాళ్లు పోరు, వెనక గదిలోకి పోతారు. అప్పుడు ఇంకా కనబడరు. పల్లె మంత్రసానులను ప్రభుత్వం ఒకప్పుడు కూర్చోబెట్టి, చేతులు కడుక్కోవడం, శుభ్రమైన బ్లేడు వాడటం, ఏ కాన్పును వెంటనే ఆసుపత్రికి పంపాలో నేర్పించింది. ఎముకలు కట్టేవాళ్లకూ అట్లాంటిది సాధ్యమే. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. అనే సంస్థతో కలిసి సంప్రదాయ వైద్యులకు స్వచ్ఛంద ధ్రువీకరణ పథకం ఒకటి తెచ్చింది. పరీక్షించి, ఈ మనిషికి ఈ పని వచ్చు అని కాగితం ఇస్తారు. ఎముకలు కట్టడం కూడా దానిలో ఉంది. అది లైసెన్సు కాదు, ఇష్టమైనవాళ్లు తీసుకునేది. అయినా ఒక మొదలు. నిజమైన విద్య ఉన్న కుటుంబాలకు ఇది మేలే. వాళ్ల పేరు దొంగిలించి గోడలెక్కినవాళ్ల నుంచి వాళ్లను కాపాడేది కూడా ఒక జాబితానే.

మా శెనక్కాయలు తూకం వేసే కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. గడువు తీరితే మళ్లీ వేయించుకోవాలి. ముద్ర లేకపోతే మా మామ ఒక్క మూట దింపనిచ్చేవాడు కాదు. మూటకు కిలో తేడా వస్తుందని అంత జాగ్రత్తపడే మనం, మనిషి వెన్నుపూస పట్టుకుని తిప్పే చేతిని మాత్రం "నీ ముద్ర ఏదప్పా?" అని అడగం. అడిగితే అమర్యాద అనుకుంటాం. అది అమర్యాద కాదు. రిజిస్టరులో ఉన్న డాక్టర్లు తమ నమోదు సంఖ్యను క్లినిక్‌లోనూ, రాసిచ్చే చీటీలోనూ, రసీదులోనూ చూపాలని 2002 నాటి నియమావళిలోనే ఉంది. కాబట్టి నిజమైన డాక్టరు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు. ఆ సంఖ్యను, పేరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలకు చెబితే రెండు నిమిషాల పని.

చివరగా అక్కలకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. ఎవరు కట్టినా, ఎక్కడ కట్టినా, మొదటి రెండు రోజులు గంట గంటకూ వేళ్లు చూడండి. చల్లబడినా, పాలిపోయినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేలు చాపితే ఓర్చుకోలేని నొప్పి వచ్చినా, తెల్లవారేదాకా ఆగకండి. కట్టు వదులు చేసి ఆసుపత్రికి పరిగెత్తండి. పిల్లల మోచెయ్యి వాచితే ఎవరినీ నలపనివ్వకండి. పెద్దవాళ్లకు చిన్న బరువుకే నడుము పట్టేస్తే, ఎవరైనా తిప్పే ముందు ఎక్స్‌రే చూపించండి. కట్టినవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు, తేదీ ఒక కాగితం మీద వాళ్ల చేతే రాయించుకోండి. రాయనన్నవాళ్ల దగ్గర చెయ్యి చాపకండి.

మా ఆడబిడ్డ కొడుకు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. క్రికెట్‌లో బంతి పట్టేటప్పుడు ఆ రెండు వేళ్లు వాడికి సహకరించవు. వాడు ఆ విషయం ఎత్తడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు మాత్రం నేను రాస్తున్నది చూసి, "అత్తా, ఆయన పేరు తెలిస్తే రాస్తావా?" అని అడిగినాడు. తెలియదు కదరా అన్నాను. "అదే రాయి" అన్నాడు.